స్వరం దరువుగా మారేటప్పుడు: ఫిల్మ్‌నగర్‌లో తెగని ఒక ప్రశ్నపై సమీక్ష

తెలుగు సినిమా పాటలో దరువు రాగాన్ని మింగేస్తోందన్న ఫిర్యాదు నిన్నమొన్నటిది కాదు. చక్రవర్తి డ్యాన్సు పాటల రోజుల్లో వినిపించింది, రాజ్–కోటి హయాంలో వినిపించింది, ఇవాళ తమన్ నేపథ్య సంగీతం చుట్టూ వినిపిస్తోంది. మరోపక్క, తెలుగు పాటకు ఆస్కార్ తెచ్చిపెట్టిన ‘నాటు నాటు’కు వెన్నెముక రాగం కాదు, నడక. ఆరు మాత్రల ఆ ఉరుకునూ తోలువాద్యాల మోతనూ తీసేస్తే, 2023 మార్చిలో లాస్ ఏంజెలెస్ వేదిక మీద మోగిన దానిలో మిగిలేదెంతో చెప్పడం కష్టం.

ఈ వాదులాట అడుగున, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక శాస్త్రీయమైన ప్రశ్న ఉంది. వయొలిన్లు, ఫ్లూట్లు, హార్న్‌లు కలిసి పలికించే సంగీతాన్ని తాళవాద్యాలకే అప్పగించవచ్చా? అప్పగిస్తే ఏది మిగులుతుంది, ఏది పోతుంది? మిగిలిన దాన్ని అదే కృతి అనవచ్చా, కొత్త రచన అనాలా? పాశ్చాత్య దేశాల్లో ఈ ప్రశ్నకు దాదాపు తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో ఇదే పని రీరికార్డింగ్ పేరుతో నిత్యం జరుగుతుంది. కథానాయకుడి ఇతివృత్త స్వరం ఒక సన్నివేశంలో తీగవాద్యాల మీద వినిపిస్తుంది, పోరాట సన్నివేశానికి వచ్చేసరికి అదే స్వరం లయరూపంలో డోళ్ల మీదికి దిగుతుంది. పని ఎంతగా సాగుతోందో, దాని మీద ఆలోచన అంత తక్కువగా సాగుతోంది. అందుకే చిక్కుపడ్డ పోగుల్ని ఒకసారి విడదీసి చూడటం అవసరం.

మూడు పనులు, ఒకటే గొడవ

వాదన ఎంతకీ తేలకపోవడానికి మొదటి కారణం, ముగ్గురు మూడు వేర్వేరు పనుల గురించి మాట్లాడుతూ ఒకటే విషయమనుకోవడం.

మొదటి పని స్వరాలను స్వరాలుగానే ఉంచి వాద్యాన్ని మార్చడం. వయొలిన్ వాయించే వరసను మరింబాకో, జైలోఫోన్‌కో, జలతరంగానికో ఇవ్వడం. రెండోది స్వరాలను వదిలేసి లయ నిర్మాణాన్ని మాత్రం నిలుపుకోవడం. బేతోవెన్ అయిదో సింఫనీ మొదట్లో మూడు పొట్టి దెబ్బలు, ఒక పొడుగు దెబ్బ ఉంటాయి. శ్రుతి లేని డోలు మీద కొట్టినా ఆ సింఫనీ తెలిసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. మూడోది స్వరం, లయ రెండింటినీ పక్కకు జరిపి నాదపు రంగును, బరువును, దగ్గరితనాన్ని, దూరాన్ని తాళవాద్యాలతో తిరిగి కట్టడం. సినిమా నేపథ్య సంగీతంలో ఎక్కువగా జరిగేది ఈ మూడోదే. పాట గురించిన ఫిర్యాదును దానికి అంటగట్టడంతో చర్చ దారి తప్పుతోంది.

పడమటి దారి

యూరప్ వాద్యబృందంలో తాళవాద్యాలు చాలాకాలం వెనక వరసలో ఉండి, అవసరమైన చోట ఉరుముతూ వచ్చాయి. బెర్లియోజ్ 1830లో ‘సింఫనీ ఫంటాస్టిక్’ కోసం నలుగురు టింపనీ వాద్యకారుల చేత దూరపు ఉరుమును స్వరమేళనంగా పలికించాడు. 1837 నాటి ‘రెక్వియం’లో టింపనీల సంఖ్యను పదహారుకు పెంచాడు. డోలుకు స్వరం ఉందని, కొన్ని డోళ్లు కలిస్తే స్వరమేళనం పుడుతుందని అప్పుడే రుజువైంది.

ఆ తర్వాత దారులు చీలాయి. క్లెయిర్ ఒమర్ మస్సర్ 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో వందమంది మరింబా వాద్యకారుల బృందాన్ని నిలబెట్టాడు, 1935లో మరో పెద్ద మరింబా బృందాన్ని కార్నెగీ హాల్‌కు తీసుకెళ్లాడు. సింఫనీ సాహిత్యాన్ని చెక్క పలకల మీద పలికించవచ్చని అతని నమ్మకం. అదే కార్నెగీ హాల్‌లో 1933 మార్చి 6న ఎడ్గార్ వరేజ్ రచన ‘అయొనైజేషన్’ను నికొలాస్ స్లొనిమ్‌స్కీ నిర్వహణలో తొలిసారి వినిపించారు. పదముగ్గురు వాద్యకారులు, సైరన్లతో సహా డజన్ల కొద్దీ వాద్యాలు. శ్రుతి ఉన్న గంటలూ పియానో చివర్లో మాత్రమే ప్రవేశిస్తాయి. ఒకరిది రూపాంతరం, మరొకరిది మూల రచన. తాళవాద్య బృందానికి సొంత సాహిత్యం ఉండాలా, వాద్యబృందపు సాహిత్యాన్ని అరువు తెచ్చుకోవాలా అన్న ప్రశ్న అలా ఒకే ఏడాదిలో రెండు నగరాల్లో ఎదురెదురుగా నిలిచింది. 1962లో ఆరుగురితో మొదలైన స్ట్రాస్‌బర్గ్ తాళవాద్య బృందం వరేజ్ దారిలోనే నడిచి, క్సెనాకిస్ వంటివారి చేత కొత్త రచనలు చేయించుకుంది.

ఈ రెండు దారులనూ ఒకచోట కలిపిన రచన రోడియాన్ షెడ్రిన్ ‘కార్మెన్ సూట్’. తన భార్య, నర్తకి మాయా ప్లిసెత్స్కయా కోసం 1967లో బొల్షోయ్ థియేటర్‌కు దాన్ని రాశాడు. బిజె ఒపేరా నుంచి గాలివాద్యాలన్నిటినీ తీసేసి, తీగవాద్యాలనూ తాళవాద్యాలనూ మాత్రమే ఉంచాడు. అందరికీ నోటికి వచ్చిన వృషభయోధుడి పాట దగ్గర మధ్యలో స్వరాన్ని ఆపేసి, పక్కవాద్యపు నడకను మాత్రం వదిలాడు. లేని రాగాన్ని శ్రోత మనసులో పాడుకుంటాడు. రూపాంతరంలో తీసివేత కూడా ఒక రచనేనని ఇంత స్పష్టంగా చూపిన పని మరొకటి నాకు కనిపించదు. సోవియట్ సాంస్కృతిక మంత్రికి మాత్రం అది నచ్చలేదు. మొదటి ప్రదర్శన కాగానే అడ్డంకులొచ్చాయి.

మన దారి

మనకు ఈ ప్రశ్న పడమటి నుంచి దిగుమతి కాలేదు. భరతుడి నాట్యశాస్త్రం వాద్యాలను తత, సుషిర, అవనద్ధ, ఘన అని నాలుగుగా విభజించి, తోలువాద్యాలను కూడా శ్రుతి చేయాలని చెబుతుంది. పుష్కర వాద్యాల ముఖాలను ఏయే స్వరాలకు కట్టాలో మాయూరి, అర్ధమాయూరి, కార్మారవి అనే మూడు మార్జనలుగా నిర్దేశించింది. తోలుకు స్వరం లేదన్న మాట ఈ నేల మీద ఎన్నడూ చెల్లలేదన్నమాట. కాకతీయుల కాలంలో జాయప సేనాని ‘నృత్తరత్నావళి’లో వర్ణించిన పేరిణిని ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ పునరుద్ధరించినప్పుడు, ఆ నృత్యాన్ని నడిపించింది ప్రధానంగా లయవాద్యాలే. విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు చేతులు, కాళ్లు, శిరస్సుతో ఏకకాలంలో అయిదు తాళాలు నడిపేవారని ప్రసిద్ధి. యూరప్ వాద్యబృందంలో వేర్వేరు వర్గాలు పంచుకునే పనిని ఒక్క దేహం మోసిందన్నమాట. దాని లిపి మాత్రం మనకు మిగల్లేదు. ఈ లోపం గురించి ముందుముందు మళ్లీ మాట్లాడుకోవాలి.

స్వరాన్ని తాళవాద్యానికి అప్పగించే పని కూడా ఇక్కడ పాతదే. నీళ్లు పోసిన పింగాణీ గిన్నెల మీద జలతరంగ విద్వాంసులు కృతులు వాయించారు. శ్రుతి చేసిన తబలాలను అర్ధవృత్తంగా పేర్చి కమలేశ్ మైత్రా తబలా తరంగ్‌లో రాగాలు పలికించారు. పొరుగున బర్మాలో ఇరవై ఒక్క డోళ్లను వలయంగా అమర్చిన పట్‌వాయింగ్ పూర్తి పాటను మోస్తుంది. అటు మృదంగాన్ని పక్కవాద్యం స్థానం నుంచి కచేరీ మధ్యకు తెచ్చిన యెల్లా వెంకటేశ్వరరావు, దండమూడి రామమోహనరావు వంటివారు తెలుగునాట ఒక్క తాళవాద్యమే గంటల తరబడి సభను కట్టిపడేయగలదని చూపించారు.

నిండు వాద్యబృందపు రచన మనకు పరిచయమైంది రెండు వేదికల మీద. ఒకటి ఆకాశవాణి వాద్యవృందం. మద్రాసులో జెమినీ స్టూడియో అనుభవం గడించిన ఈమని శంకరశాస్త్రి తర్వాత ఢిల్లీలో ఆ వృందానికి రచనలు చేశారు. రెండోది సినిమా. సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల, మాస్టర్ వేణు తరం మద్రాసు స్టూడియోల్లో తీగవాద్యాల గుంపును తబలా, ఢోలక్‌లతో కలిపి ఒకే గదిలో, ఒకే సమయంలో ధ్వనిముద్రణ చేసింది. అక్కడ తాళవాద్యం తన చోటులోనే ఉంటూ మొత్తం వినికిడికి ఆనకట్టలా పనిచేసింది. హైదరాబాద్‌కు పరిశ్రమ తరలివచ్చాక, 1976లో అన్నపూర్ణ స్టూడియోస్, ఆ తర్వాత రామానాయుడు స్టూడియోస్ వంటివి ఇక్కడ స్థిరపడేనాటికి ఆ పద్ధతే మారిపోవడం మొదలైంది.

తోలులో స్వరం ఎక్కడుంది

వాదనలోకి దిగేముందు భౌతిక శాస్త్రం ఏమంటుందో చూడాలి. ఈ విషయంలో ఎక్కువ మాటలు దాన్ని పట్టించుకోకుండా మాట్లాడేవే.

బిగించిన తీగను మీటితే దాని అనుస్వరాలు మూలస్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా పుడతాయి. అందుకే చెవికి ఒక స్వరం నిలకడగా తెలుస్తుంది. ఒకే మందం ఉన్న తోలును కొడితే పుట్టే అనుస్వరాలు మూలస్వరానికి 1.59, 2.14, 2.30 రెట్లు. ఈ లెక్క దేనికీ పొసగదు, అందుకే మామూలు డోలుకు దెబ్బ ఉంటుంది గాని స్పష్టమైన స్వరం ఉండదు. విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగిన సి.వి.రామన్ ఇక్కడే మన మృదంగం, తబలా ప్రత్యేకతను పట్టుకున్నాడు. 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలోనూ, 1934లో మరింత వివరంగానూ రాసిన వ్యాసాల్లో, తోలు మధ్యలో అద్దే నల్లని కరణ వల్ల మొదటి తొమ్మిది కంపన రీతులు అయిదు అనుస్వరాల గుంపులుగా సర్దుకుంటాయని నిరూపించాడు. తీగకు ప్రకృతి ఇచ్చిన గుణాన్ని తోలుకు మనుషులు చేత్తో ఇచ్చారు.

మరింబా, జైలోఫోన్‌లలో పని వేరు. చెక్క పలకను అడుగున చెక్కి, మరింబాలో రెండో కంపనాన్ని మూలానికి నాలుగు రెట్లకు, జైలోఫోన్‌లో మూడు రెట్లకు తెస్తారు. అయిదు స్థాయిల మరింబాలో 61 పలకలుంటాయి. స్వరం కచ్చితంగా ఉంటుంది, కాని కొట్టగానే తరగడం మొదలవుతుంది. వయొలిన్ విల్లు నాలుగు క్షణాలు లాగే స్వరాన్ని మరింబా నిలపాలంటే రెండు కర్రలతో గబగబా కొడుతూనే ఉండాలి. ఆ కంపనం వేరే రుచి, దీర్ఘస్వరానికి సాటి రాదు.

మనకు ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. పలకల వాద్యంలో గమకం పలకదు. కల్యాణిని మరింబా మీద వాయిస్తే కల్యాణి స్వరాలొస్తాయి, కల్యాణి రాదు. స్వరం నుంచి స్వరానికి జారే శక్తి తోలుకే ఉంది. మృదంగం ఎడమవైపున చేతిమణికట్టు ఒత్తితే గుమికి వినిపిస్తుంది. ఎల్లమ్మ కథలు చెప్పే బవనీల జమిడికలో తీగ బిగువు మార్చి మీటితే శ్రుతి ఎక్కుతుంది, దిగుతుంది. బుడబుక్కలవాడి డమరుకం నడుమును నొక్కితే స్వరం వంగుతుంది. శాస్త్రీయ సంగీత రూపాంతరానికి పడమటి పలకలకన్నా మన జమిడిక దగ్గరైన వాద్యం. ఈ సంగతిని గుర్తించి రూపాంతరం చేసిన పని ఇప్పటిదాకా స్టూడియోల్లో చాలా తక్కువ. అక్కడ జమిడిక జానపదానికి గుర్తుగా నాలుగు మాత్రలు మోగి మాయమవుతుంది.

పక్షాలు, వాటి బలం

మొదట చెప్పిన మూడు పనుల వెనక మూడు పక్షాలున్నాయి. స్వరపక్షం వాదన సూటిగా ఉంటుంది. వినేవాడికి గుర్తుండేది పాట, పాటంటే వరస, వరస పోతే రూపాంతరం అన్న మాటకే అర్థం లేదు. ఈ పక్షం బలం వినికిడి జ్ఞాపకం. బలహీనత ఇప్పుడే చూశాం: దీర్ఘత, గమకం రెండూ తాళవాద్యంలో పలచబడతాయి. కాబట్టి స్వరపక్షం ఎంచుకోవలసిన కృతులు వేగంగా నడిచేవి, స్వరాలు పొట్టిగా విడివిడిగా ఉండేవి. త్యాగరాజ పంచరత్నాల్లో చిట్టస్వరాల భాగాలు ఇందుకు నప్పుతాయి. విలంబకాలపు పదాలు నప్పవు.

లయపక్షం వాదన మన సంప్రదాయంలో బాగా అర్థమవుతుంది. తని ఆవర్తనంలో మృదంగ విద్వాంసుడు ఒక్క స్వరం లేకుండా పల్లవి గాత్రాన్ని గుర్తుచేయగలడు. తీర్మానం ఎక్కడ పడుతుందో సభ అంతా లెక్కపెట్టుకుంటూ ఎదురుచూస్తుంది. నిర్మాణం లయలో ఉందని, స్వరం దాని మీద కప్పిన వస్త్రమని వీళ్ల నమ్మకం. సినిమాలో దీనికి దాఖలా కావలసినంత ఉంది. బోనాల్లో, పెళ్లి ఊరేగింపుల్లో తీన్మార్ బృందం ఒక పాట దరువు ఎత్తుకోగానే ఏ పాటో జనానికి తెలిసిపోతుంది, పాడేవాడు అవసరం లేదు. దీన్ని తక్కువ చేసి చూడకూడదు. నిజాం కొలువులో ఆఫ్రికన్ అశ్వదళంతోనూ అరబ్బులతోనూ హైదరాబాద్ చేరిన మర్ఫా వాద్యం ఈ నగరపు చెవికి తాళవాద్య బృందాన్ని అలవాటు చేసింది. స్ట్రాస్‌బర్గ్‌లో బృందం పుట్టడానికి చాలాముందే ఏసీ గార్డ్స్ వీధుల్లో బృందాలున్నాయి.

లయపక్షానికి ఎదురయ్యే కష్టం స్వరమేళనం. పాశ్చాత్య వాద్యబృందపు కృతిలో కథ నడిచేది స్వరమేళనం మారడంలో. ఒక మేళనం నుంచి మరో మేళనానికి వెళ్లడమే అక్కడ ఉద్వేగం. దాన్ని తీసేసి లయను మాత్రం ఉంచితే మోజార్ట్ సింఫనీలో మిగిలేది చాలావరకు సమానమైన మాత్రలే. రావెల్ ‘బొలేరో’కు మాత్రం ఈ నష్టం తక్కువ, అక్కడ సైడ్ డ్రమ్ మొదటి నుంచి చివరిదాకా ఒకే దరువును మోస్తుంది, ఉత్కంఠ అంతా వాద్యాలు చేరుతూ పోవడంలో ఉంది. అంటే లయపక్షం గెలుపు ఎంచుకున్న కృతిని బట్టి ఉంటుంది. అన్ని కృతులకూ ఒకే సూత్రం పెట్టేవాళ్లు రెండు పక్షాల్లోనూ పొరపడుతున్నారు.

వర్ణపక్షం మాట వేరు. వరేజ్ వారసులకు ప్రతి వాద్యమూ ఒక రంగు. స్వరాన్ని, లయను కాపాడటం వాళ్లకు లక్ష్యమే కాదు. ఫిల్మ్‌నగర్ నేపథ్య సంగీతం తెలిసో తెలియకో ఈ పక్షానికి దగ్గరగా ఉంది. ‘బాహుబలి’ యుద్ధ ఘట్టాల్లో డోళ్లు చేసే పని పాట పాడటం కాదు, సైన్యపు బరువును చెవికి అందించడం. అయితే వరేజ్ రచనలో ఒక్కో వాద్యకారుడికి ఒక్కో వరస ఉంది, వాళ్ల మధ్య సంభాషణ ఉంది. మన నేపథ్యంలో చాలాసార్లు ఒకే దెబ్బను పొరలు పొరలుగా పేర్చి లావు చేస్తారు. గట్టిదనం పెరుగుతుంది, మాటలు పెరగవు. తమన్ స్వయంగా డ్రమ్స్ వాద్యకారుడు కాబట్టి దెబ్బ వ్యాకరణం అతనికి తెలుసు. అతని నేపథ్యం మీద వచ్చే విమర్శలో న్యాయమైన భాగం ఆ గట్టిదనం గురించే తప్ప తాళవాద్యాలను ముందుకు తెచ్చినందుకు కాదు.

మూడింటినీ పక్కపక్కన పెడితే ఇలా కనిపిస్తుంది. స్వరపక్షానికి వాద్యాల పరిమితి అడ్డు, లయపక్షానికి కృతి స్వభావం అడ్డు, వర్ణపక్షానికి రచన లేకపోవడం అడ్డు. మొదటి రెండు అడ్డంకులు ప్రకృతి పెట్టినవి, వాటితో రాజీపడాలి. మూడోది మనం చేతులారా పెట్టుకున్నది.

కాగితం మీద లేని వాద్యం

ఇళయరాజా తన వాద్యబృందంలో ప్రతి వాద్యానికీ స్వరలిపి రాసి ఇస్తాడన్నది ‘సాగరసంగమం’, ‘గీతాంజలి’ విన్న తెలుగువాళ్లందరికీ తెలిసిన సంగతే. ఆయన 2025 మార్చిలో లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్‌తో తన సింఫనీని వినిపించగలగడానికి దశాబ్దాల ఆ అలవాటే ఆధారం. భారతీయ సినిమా స్టూడియోల్లో మొత్తంగా చూస్తే ఒక చీలిక ఉంది. వయొలిన్ వరసల వాళ్లకు కాగితం వస్తుంది. రిథమ్ విభాగంలో చాలామందికి నోటిమాట వస్తుంది. ‘ఈ రెండు బార్లు ఖండం, తర్వాత మామూలు నడక, ఇక్కడ ఒక ఫిల్’ అంటే చాలు, మిగతాది వాద్యకారుడి చేతిలో పుడుతుంది. ఇది నైపుణ్యానికి గొప్ప గౌరవం అని ఒకరంటారు. ఆ చేతిలో పుట్టింది ఎవరి రచనగానూ నమోదు కాదని నేనంటాను.

దాని ఫలితాలు అప్పుడే తెలియవు. యాభై ఏళ్ల తర్వాత ఒక విద్యార్థి ‘సాగరసంగమం’ తీగవాద్యాల వరసను విని రాసుకోగలడు. అదే పాటలో మృదంగం, తబలా, డ్రమ్స్ ఒకదానితో ఒకటి ఏం మాట్లాడుకున్నాయో విడదీయడం చాలా కష్టం, అన్నీ ఒకే ట్రాక్‌లో కలిసి ఉంటాయి. తాళవాద్య బృందం మళ్లీ వాయించాలంటే కాగితం కావాలి. మస్సర్ బృందం చెల్లాచెదురైనా అతని రూపాంతరాలు ఇతరులు వాయించగలిగారంటే కాగితం ఉండటమే కారణం.

కంప్యూటర్ వచ్చాక ఈ సంగతి విచిత్రంగా తిరిగింది. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808, ఆ తర్వాత ఆక్టోప్యాడ్, ఇవాళ్టి సాంపుల్ లైబ్రరీలు తాళవాద్య రచనను మళ్లీ లిపిలోకి తెచ్చాయి. ప్రోగ్రామర్ తెర మీద పెట్టే ప్రతి దెబ్బకూ కాలం, బలం అంకెల్లో ఉంటాయి. నిర్మాతకు ఖర్చు తగ్గింది, ఎడిటింగ్ చివరి నిమిషంలో మారినా దరువును జరపవచ్చు. సినిమా విడుదల తేదీ నెత్తిమీద కూర్చున్నప్పుడు ఇది చిన్న సదుపాయం కాదు. నష్టమేమిటంటే, ఒకే లైబ్రరీ కొన్న పదిమంది పది సినిమాలకు ఒకే డోలు మోగిస్తారు. రికార్డు చేసి పెట్టిన డప్పు ఎప్పుడూ ఒకే వేడిలో ఉంటుంది. నిజమైన డప్పును మంట దగ్గర కాచి వాయిస్తారు. చల్లబడే కొద్దీ శ్రుతి దిగుతుంది, మళ్లీ కాస్తారు. సిర్ర కొట్టే దెబ్బకూ చిటికెన పుల్ల కొట్టే దెబ్బకూ మధ్య తేడా ఒక్క బలంలోనే కాదు, కోణంలోనూ చోటులోనూ ఉంది. సాంపుల్‌లో ఈ రెండు పుల్లల మధ్య జరిగే సంభాషణ ఉండదు.

అయినా యంత్రాన్ని దోషిగా నిలబెట్టడం సరికాదు. యంత్రం రాకముందు కూడా డప్పుకు లిపి లేదు. మనుషుల్ని పిలిచి వాయించినప్పుడు కూడా వాళ్ల పేర్లు తెర మీద పడింది తక్కువే. యంత్రం పాత అలవాటును బయటపెట్టింది, అంతే.

డప్పును ఎవరు వాయిస్తారు

పడమటి చర్చలో లేని, మన చర్చ తప్పించుకోలేని అంశం కులం. టింపనీని ఏ కులమూ మోయలేదు. డప్పును మాదిగలు మోశారు, చావుకూ చాటింపుకూ వాయించమని ఊరు వాళ్లను ఆజ్ఞాపించింది. 1994లో దండోరా ఉద్యమం మొదలైనప్పుడు అదే వాద్యం ఆత్మగౌరవ చిహ్నమైంది. ఇప్పుడు అదే డప్పు జూబ్లీహిల్స్ స్టూడియోలో కథానాయకుడి ప్రవేశానికి మోగుతోంది. ఒక సింఫనీ ఇతివృత్తాన్ని డప్పుల బృందానికి రాస్తే అది వాద్యానికి గౌరవమా, వాద్యాన్ని దాని మనుషుల నుంచి విడదీయడమా?

ఇక్కడ రెండు మాటలు వినిపిస్తాయి, రెండూ నిజమే. డప్పు చావు మేళంతోనే ఉండిపోవాలనడం పాత కట్టడిని కొనసాగించడమే కాబట్టి అది ఏ వేదికకైనా రావాలి. వచ్చిన చోట దాని కళాకారులు అద్దె చేతులుగా కాక రచనలో భాగస్వాములుగా ఉండాలి. ‘బలగం’ 2023లో ఈ ప్రశ్నకు కొంతవరకు దారి చూపింది. చివరి ఘట్టాన్ని బుడగజంగాల కథాగానమే మోసింది, ఆ గాయకులు తామే తెర మీదికొచ్చారు, వాళ్ల పేర్లు జనం నోట నిలిచాయి. తాళవాద్య రూపాంతరం చేసేవాళ్లకు ఈ ఉదాహరణ చాలా విలువైనది. తప్పెటగుళ్లు, ఒగ్గుడోలు, వీరణం, గుమేల వంటి ఒక్కో వాద్యానికీ ఒక్కో సమాజం, ఒక్కో సందర్భం ఉన్నాయి. వాటిని ఒకే ‘ఫోక్ పర్కషన్’ అనే ఫోల్డర్‌లో పడేయడం వల్ల వినికిడి కూడా చెడుతుంది. ఒగ్గుడోలు మోత పెద్ద మైదానంలో వంతుల వరసలతో నడుస్తుంది, తప్పెటగుళ్లలో వాద్యకారుడే నర్తకుడు, ఎగిరే అడుగు కూడా దరువులో భాగం. రూపాంతరకర్త దాన్ని గ్రహించకపోతే రాసేది తప్పుగా ఉంటుంది.

చట్టం లెక్కలో లయ

చట్టం సంగతి మామూలుగా న్యాయవాదులకు వదిలేస్తాం. తాళవాద్యకారులకు దానిలో అందరికన్నా ఎక్కువ సంబంధం ఉంది. 1957 కాపీరైట్ చట్టం సంగీత కృతిని నిర్వచించినప్పుడు, రాగ వరస, స్వరమేళనం ఈ రెండింటి కలయికగానో, వాటిలో ఒకదానిగానో, అదీ కాగితం మీద రాసి ఉంటేనే గుర్తించింది. లయ ఆ నిర్వచనంలో లేదు. నోటిమాటగా, చేతిలో పుట్టిన దరువు ఆ లెక్కన రెండుసార్లు బయటపడింది: అది వరస కాదు, రాసిందీ కాదు. 1994 సవరణ ఈ నిర్వచనాన్ని మార్చింది. సంగీతం ఉంటే చాలు, లిపి ఉన్నా లేకపోయినా కృతే. 2012 సవరణ స్వరకర్తలకూ గీత రచయితలకూ రాయల్టీ హక్కును గట్టిపరచింది, వాద్యకారుల ప్రదర్శన హక్కులనూ విస్తరించింది.

రూపాంతరం విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. హక్కులున్న సంగీత కృతికి రూపాంతరం చేయడం హక్కుదారు అనుమతితోనే సాధ్యం. కర్త మరణించాక అరవై ఏళ్ల వరకు ఆ హక్కు ఉంటుంది. బేతోవెన్, బిజె, త్యాగరాజు కృతులను ఎవరైనా డోళ్ల మీదికి దించవచ్చు. నిన్నటి సినిమా పాటకు అనుమతి కావాలి. ఇంతవరకు బాగుంది. కాని సినిమాలో ఒక పాటను తాళవాద్య రూపానికి మార్చిన అరేంజర్‌కు, అందులో దరువు కట్టిన వాద్యకారుడికి రచయితగా ఏ వాటా దక్కుతుందన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. లిపి ఉంటే రుజువు ఉంటుంది. లేకపోతే ఆ వాదన జ్ఞాపకం మీద ఆధారపడుతుంది.

ఇంకా తేలని సంగతులు

మొదటిది లిపి. పాశ్చాత్య స్వరలిపిలో డ్రమ్‌సెట్‌కు ఒక పద్ధతి స్థిరపడింది. మృదంగానికి తకధిమి జతుల లిపి ఉంది. డప్పుకూ, జమిడికకూ, డోలుకూ అందరూ ఒప్పుకున్న లిపి లేదు. స్వరలిపి గీతల మీద వాటిని రాస్తే దెబ్బ పడే చోటు తెలుస్తుంది, దెబ్బ రకం తెలియదు. జతుల్లో రాస్తే రకం తెలుస్తుంది, మరో నలుగురితో కలిసి వాయించడం కష్టమవుతుంది. రెండింటినీ కలిపే పని సంగీత కళాశాలలకూ స్టూడియోలకూ మధ్య ఎక్కడో ఆగిపోయింది. కళాశాలలో చదివినవాడు స్టూడియో అవసరాన్ని చూడలేదు. స్టూడియోవాడికి కళాశాల అక్కరలేదు.

రెండోది బృందం. ఫిల్మ్‌నగర్‌లో గొప్ప తాళవాద్యకారులున్నారు, సెషన్‌కు సెషన్‌కు కలుస్తారు, విడిపోతారు. స్ట్రాస్‌బర్గ్ ఆరుగురూ ఏళ్ల తరబడి కలిసి సాధన చేశారు కాబట్టే రచయితలు వాళ్ల కోసం రాశారు. ఇక్కడ ఒక స్థిరమైన బృందం లేకుండా రచన పెరగదు, రచన లేకుండా బృందానికి పని దొరకదు. ఈ ముడిని నిర్మాత విప్పుతాడనుకోవడం ఆశే. విశ్వవిద్యాలయం విప్పగలదు, ప్రభుత్వ ఉత్సవాలు విప్పగలవు. ఆకాశవాణి వాద్యవృందం అలాగే పుట్టింది.

మూడోది అన్నిటికన్నా కష్టమైనది: తమిళ, హిందీ, ఆంగ్ల సినిమాలన్నిటిలోనూ ఒకే లైబ్రరీ డోళ్లకు అలవాటు పడిన శ్రోత చెవి, సిర్ర–చిటికెన పుల్లల మధ్య తేడాను మళ్లీ గుర్తుపడుతుందా? స్వరపక్షం గుర్తుపట్టదంటుంది, లయపక్షం తప్పక గుర్తుపడుతుందంటుంది. తీన్మార్ వీధుల్లో జనం లయను ఎలా పట్టుకుంటారో చూస్తే రెండో మాటే నాకు నమ్మదగినదిగా కనిపిస్తుంది. కాని వీధిలో తోలు చెవికి నేరుగా చేరుతుంది, థియేటర్లో డాల్బీ స్పీకర్ల గుండా చేరుతుంది. మిక్సింగ్‌లో డప్పుకు ఎంత అడుగుస్థాయి ఇస్తారు, ఎంత కత్తిరిస్తారు అన్నది ఇప్పుడు ఇంజనీర్ నిర్ణయం. ఆ నిర్ణయం తీసుకునే గదిలో డప్పు కళాకారుడికి చోటు ఉండాలో వద్దో కూడా ఇంకా ఎవరూ తేల్చలేదు.